తీర్పరి: ఆటలో మూడవ పక్షము

ఆట ఆడువారిని గురించి మనము చాల వినుచుందుము. వారి పరుగులు, వారి పతకములు, వారి చిన్ననాటి ఇక్కట్లు పత్రికలకు ఎక్కును. ఆట ఆడించువాని పేరు మాత్రము, అతడు పొరపాటు చేసిననాడు తప్ప, ఎవరి నోటను వినరాదు. అతడు చక్కగా పనిచేసిన దినమున అతడు మైదానములో ఉన్న సంగతియే ప్రేక్షకులు మరతురు. అట్టి మనిషిని గురించి ఈ ప్రసంగమున కొంత ముచ్చటింపదలచినాము. ముఖ్యముగా సాఫ్ట్‌బాల్ ఆటకు క్రొత్తగా అంపైరుగా నిలువబోవు యువతీయువకులను దృష్టిలో నుంచుకొని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

'అంపైరు' అను మాట ఇంగ్లీషువారికి ఫ్రెంచి భాషనుండి వచ్చినది. మూలార్థము 'సమానుడు కానివాడు', అనగా జతలో చేరనివాడు. ఇద్దరు వాదులాడుచుండగా ఏ ఒక్కరితోను జతకట్టక మూడవవాడై నిలుచువాడని భావము. ఆ మాటకు మొదట ఒక నకారము ఉండెడిది. వాడుకలో నలిగి నలిగి అది రాలిపోయినది. మన భాషలో 'మధ్యవర్తి' అన్నను తాత్పర్యము దాదాపు ఇదియే. వారు అతనిని జతకు వెలుపల నిలబెట్టిరి. మనము ఇరువురి నడుమ నిలబెట్టినాము.

నెల్లూరివారికి ఈ ధర్మము క్రొత్తది కాదు. పదమూడవ శతాబ్దమున మనుమసిద్ధి కొలువులోని తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని భారతములో పదునైదు పర్వములను తెనిగించెను. అందు శల్యపర్వమున భీమదుర్యోధనుల గదాయుద్ధము కలదు. ఆ పోరు చూడవచ్చిన బలరాముడు ఇరువురకును గద నేర్పిన గురువు. కురుక్షేత్రమున ఏ పక్షమునను చేరక తీర్థయాత్రకు పోయినవాడు. తీర్పరికి ఇంతకంటె మంచి లక్షణములు ఏమి కావలెను? గదాయుద్ధమున నాభికి దిగువను కొట్టరాదన్నది నియమము. భీముడు తొడలపై కొట్టెను. బలరాముడు నాగలియెత్తి లేచెను. కృష్ణుడు అడ్డుపడి భీముని ప్రతిజ్ఞను గుర్తుచేసెను, కౌరవులు చేసిన అపకారములను ఏకరువుపెట్టెను. బలరాముడు సమాధానపడలేదు. భీముడు అధర్మముగా గెలిచినవాడని లోకము చెప్పుకొనునని పలికి, రథమెక్కి ద్వారకకు పోయెను. భీముని పగకు కారణము లేకపోలేదు. విన్నవారికి కన్నీరు వచ్చు కారణమే. అయినను తీర్పరి చూడవలసినది దెబ్బ ఎక్కడ తగిలినది అన్నంతవరకే.

పల్నాటి కథ మరియొక పాఠము నేర్పుచున్నది. పండ్రెండవ శతాబ్దమున నాగమ్మ, బ్రహ్మనాయుడు పందెము వేసి కోళ్లను పోరించిరనియు, ఓడిన పక్షము ఏడేండ్లు నాడు విడిచిపోయెననియు మనవారు చెప్పుకొందురు. ఆ పందెమున మోసము జరిగెనన్న మాట నేటికిని వీరగాథలలో మారుమ్రోగుచున్నది. ఓటమిని మనుష్యులు సహింపగలరు. ఓటమి న్యాయముగా వచ్చినదని నమ్మలేనప్పుడే అది వైరముగా ముదురును. ఊరి ఆటలోను ఇదియే జరుగును. సంక్రాంతి పోటీలో రేగిన తగవు మరుసటి సంక్రాంతివరకును రెండు పాలెముల నడుమ మాటలు లేకుండ చేయవచ్చును.

ఇక సాఫ్ట్‌బాల్ సంగతి. 1887లో అమెరికాలోని చికాగో నగరమున ఫారగట్ బోటుక్లబ్బులో కొందరు యువకులు ఒక ఫుట్‌బాల్ పోటీ ఫలితము కొరకు వేచియుండిరి. ఫలితము తెలిసిన సంబరములో ఒకడు ముష్టియుద్ధపు గ్లౌజును విసరగా మరియొకడు కర్రతో కొట్టెను. జార్జి హాన్‌కాక్ అనునతడు ఆ గ్లౌజును త్రాడుతో బిగించి బంతిగా చేసి, గది నేలపై సుద్దతో గీతలు గీసి ఆట కట్టెను. బేస్‌బాల్‌ను ఇంటిలోనికి తెచ్చుటయే అతని ఉద్దేశము. పిదప అది ఆరుబయటికి వచ్చి పలు పేర్లతో వ్యాపించినది. 1926లో వై.ఎం.సి.ఏ. ఉద్యోగి వాల్టర్ హాకన్సన్ 'సాఫ్ట్‌బాల్' అను పేరు సూచించెను. ఊరూర వేర్వేరు నియమములు ఉండుటచేత తగవులు మెండయ్యెను. 1933 ప్రాంతమున జాతీయసంఘము ఏర్పడి నియమములను ఒక త్రాటిపైకి తెచ్చిన తరువాతనే ఆట స్థిరపడినది. 1996 అట్లాంటా ఒలింపిక్సులో మహిళల క్రీడగా అది ప్రవేశించినది.

మన ప్రాంతమునకు పాశ్చాత్య క్రీడలు వచ్చుటలో మద్రాసు వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల పాత్ర గొప్పది. 1920లో హ్యారీ క్రో బక్ దానిని స్థాపించెను. నెల్లూరు జిల్లా అప్పటికి మద్రాసు రాజధానిలోనిది. అచట తరిఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లు జిల్లాల ఉన్నత పాఠశాలలకు వచ్చి, బాస్కెట్‌బాల్, వాలీబాల్ వంటి ఆటలతోపాటు ఈల ఊదు విధానమును కూడ నేర్పిరి. సాఫ్ట్‌బాల్‌కు అఖిలభారత సంఘము 1961లో ఏర్పడినది. నేడు ఆంధ్రదేశపు పాఠశాలలలో, అనంతపురము వంటి జిల్లాలలో, బాలబాలికలు ఈ ఆటను ఉత్సాహముతో ఆడుచున్నారు. ఆడువారు పెరిగినకొలది ఆడించువారు కావలసి వత్తురు. ఆడించువారు దొరకనిచోట ఆట తనంత తానే సన్నగిల్లును.

క్రొత్త అంపైరు మొదట మైదానమును చూడవలెను. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట వంటి తీరగ్రామములలో నేల ఇసుకనేల. సముద్రపు గాలికి సున్నపు గీతలు గంటలో చెదరును. కావున ఆటకు పూర్వమే 60 అడుగుల బేసులను కొలిపించి, అవి కదలకుండ మేకులు దిగినవో లేవో చూచుకొనవలెను. సరుగుడు తోపులో పడిన బంతికి ఏమి లెక్క, దారిలో ఆగిన బండికి తగిలిన బంతికి ఏమి లెక్క అన్నది ఇరుపక్షముల నాయకులను పిలిచి ముందే చెప్పవలెను. ముందు చెప్పినది నియమము. తరువాత చెప్పినది పక్షపాతముగా తోచును.

హోంప్లేటు వెనుక నిలుచు అంపైరు ముసుగు, రొమ్ముకవచము తప్పక ధరింపవలెను. క్యాచరుకును బ్యాటరుకును నడుమనున్న సందులో నిలిచి, తల కదల్పక, బంతిని పిచ్చరు చేతినుండి క్యాచరు గ్లౌజువరకు కన్నులతోనే వెంబడింపవలెను. ప్లేటు వెడల్పు 17 అంగుళములు. బంతి ఆ వెడల్పు మీదుగా, బ్యాటరు చంకలకు దిగువను మోకాళ్లకు ఎగువను పోయిన స్ట్రైకు. వెలుపల పోయి బ్యాటరు కొట్టబోకున్న బాలు. నియమము ఇంత చిన్నది. దానిని మొదటి ఇన్నింగ్సులో ఎట్లు అన్వయించితిమో ఏడవ ఇన్నింగ్సులోను అట్లే అన్వయించుట కష్టము. బ్యాటరులకు, పిచ్చరులకు కావలసినది ఈ నిలుకడయే. ఒక తీర్పు తప్పయినదని తోచినచో రెండవ పక్షమునకు మరియొక తప్పుడు తీర్పు ఇచ్చి సరిచూపబోరాదు. అట్లు చేసినచో తప్పులు రెండగును, లెక్క సరిపడదు.

తొందర తీర్పరికి శత్రువు. జరుగవలసినది పూర్తిగా జరుగనిచ్చి, మనస్సులో ఒకసారి మరల చూచుకొని, పిదప చేయి ఎత్తవలెను. గ్లౌజులో పడిన బంతి జారి నేలపై దొర్లుచుండగా 'ఔట్' అని కేకవేసిన అంపైరు మాట ఆ దినమున మరి చెల్లదు. పరుగెత్తుచు తీర్పు చెప్పరాదు, నిలిచి చూడవలెను. దగ్గరగా పోవుటకంటె చక్కని కోణమున నిలుచుట ముఖ్యము.

మొదటి బేసువద్ద తీర్పు చెప్పుటలో ఒక కిటుకు కలదు. పరుగెత్తువాని కాలును, వచ్చుచున్న బంతిని రెంటిని ఒకేసారి కన్ను పట్టలేదు. కావున కన్ను బేసుపై ఉంచి, బంతి గ్లౌజులో పడిన చప్పుడును చెవితో పట్టవలెను. చెడుగుడు ఎరిగిన మన తీరవాసులకు ఇది వింత కాదు. చెడుగుడులో తీర్పరి కన్ను గీతపై ఉండును, చెవి కూతపై ఉండును. కూత తెగినదా, కాలు గీత దాటినదా అని రెంటిని ఒక్క క్షణమున పోల్చుచుండును. ఇసుకలో చెడుగుడు ఆడించి గడించిన ఆ చెవి సాఫ్ట్‌బాల్ మైదానమునను అక్కరకు వచ్చును.

నియమములను బట్టీపట్టుటకంటె అవి ఎందుకు పుట్టినవో గ్రహించుట మేలు. ఒకటవ, రెండవ బేసులలో ఆటగాండ్రు ఉండి, ఇద్దరికంటె తక్కువమంది ఔటై యున్నప్పుడు, లోపలి ఫీల్డరు సులువుగా పట్టదగిన బంతి పైకి లేచినచో, దానిని పట్టకమునుపే బ్యాటరును ఔటుగా ప్రకటింతురు. క్రొత్తవారికి ఇది విడ్డూరముగా తోచును. కాని ఈ నియమము లేనినాడు బేస్‌బాల్ ఫీల్డర్లు కావలెనని బంతిని జారవిడిచి, బేసు విడువలేక నిలిచిన ఇద్దరిని ఒక్క దెబ్బతో ఔటు చేయుచుండిరి. ఆ కపటమును అరికట్టుటకే 1890ల దశకమున ఈ కట్టడి వచ్చినది. కారణము ఎరిగిన అంపైరు చేయి తడబడదు.

తీర్పు చెప్పిన తరువాత గొడవ రాకపోదు. స్ట్రైకా బాలా, ఔటా కాదా అన్నవి అంపైరు కంటికి సంబంధించినవి. వానిపై అభ్యంతరము చెల్లదు. నియమమును తప్పుగా అన్వయించితివని శిక్షకుడు అడిగినచో వినవలెను; అది వారి హక్కు. తోటి అంపైరుకు బాగుగా కనబడియుండునని తోచినచో అడుగుట చిన్నతనము కాదు. ప్రేక్షకుల కేకలకు మాత్రము బదులు చెప్పరాదు. కంఠము పెంచినవాడు వాదములో ఒక పక్షమైపోవును.

ఈ వృత్తిలో కడు కష్టమైనది తనవారి నడుమ తీర్పు చెప్పుట. పెద్ద క్రీడలు దీనికి వేరు ఉపాయము కనుగొన్నవి. 1986 నవంబరులో లాహోరులో పాకిస్తాన్, వెస్టిండీస్ జట్ల క్రికెట్ టెస్టుకు హైదరాబాదుకు చెందిన వి.కె. రామస్వామిని, బొంబాయివాడైన పీలూ రిపోర్టరును అంపైర్లుగా పిలిచిరి. సొంత అంపైర్లవలననే గెలిచిరన్న అపవాదు తమకు వలదని పాకిస్తాన్ నాయకుడు ఇమ్రాన్‌ఖాన్ కోరెను. 1992లో డర్బనులో టెలివిజన్ చూచి తీర్పు చెప్పు మూడవ అంపైరు వచ్చెను. రాజమహేంద్రవరమున జన్మించిన జి.ఎస్. లక్ష్మి 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలి మ్యాచ్ రిఫరీలలో చేరిన తొలి మహిళ అయినది. మన ఆడపిల్లలు మైదానపు గీత వెలుపలనే నిలువనక్కరలేదని ఆమె నిరూపించినది.

పాలెములో జరుగు పోటీకి పొరుగుదేశపు అంపైరు రాడు, టెలివిజన్ కన్ను ఉండదు. బ్యాటు పట్టినది మేనల్లుడు కావచ్చును, బంతి విసరునది చిన్ననాటి స్నేహితుని కూతురు కావచ్చును. ఆటకు ముందు వారితో ముచ్చట్లాడుట తగ్గించుకొనుట, రెండు పక్షములను ఒకే విధముగా పలుకరించుట, ఎవరి యింటి కాఫీయైనను ఆట ముగిసిన తరువాతనే త్రాగుట: ఇవి చిన్న విషయములుగా కనబడును. తీర్పుపై నమ్మకము వీనివలననే నిలుచును. అట్లే ఊరిపెద్దలకును, తల్లిదండ్రులకును ఒక మనవి. పదునెనిమిదేండ్ల పిల్లవాడు మొదటిసారి ముసుగు తొడిగి నిలిచిన దినమున మీరు గట్టు మీదనుండి తిట్టిన తిట్టు అతనిని మరల మైదానమునకు రానీయకపోవచ్చును. అప్పుడు మీ పిల్లల ఆటకు తీర్పరి ఎవరు?

బలరాముడు తన తీర్పు చెప్పి రథమెక్కి వెళ్లిపోగలిగెను. సాఫ్ట్‌బాల్ అంపైరుకు ఆ వెసులుబాటు లేదు. ఒప్పుకొనని వారి నడుమనే వంగి, ప్లేటు మీది ఇసుక తుడిచి, తరువాతి బంతికి సిద్ధముగా నిలువవలెను.