రెండు బొమ్మలు కలిసే చోటు

2025 అక్టోబరులో లైకా కంపెనీ తన ఎమ్ వరసలో కొత్త కెమెరా ఒకటి తెచ్చింది. పేరు ఎమ్ ఈవీ1. పాత ఎమ్ లెన్సులు దానికి పడతాయి, చేతిలో పట్టుకుంటే అదే తీరు. రేంజ్‌ఫైండర్ మాత్రం లేదు. ఆ చోట చిన్న ఎలక్ట్రానిక్ తెర పెట్టారు. మిగతా ఎమ్ కెమెరాలు రేంజ్‌ఫైండర్‌తోనే వస్తున్నాయి. అయినా ‘ఇక దాని పని అయిపోయినట్టేనా?’ అని ఫొటోలు తీసే మిత్రులు నన్ను అడుగుతూనే ఉన్నారు. అయిపోలేదనే నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే అదేమిటో, డిజిటల్ కాలంలోకి ఎంత తిప్పలు పడి వచ్చిందో చెప్పాలి.

రేంజ్‌ఫైండర్ కెమెరా ముఖం మీద రెండు కిటికీలుంటాయి. పెద్దదాంట్లోంచి ఎదురుగా ఉన్నదంతా కనిపిస్తుంది. చిన్నదాంట్లోంచి వచ్చిన బొమ్మ లోపల మలుపు తిరిగి, పెద్ద బొమ్మ నడిమధ్యన ఓ చిన్న చదరంలో పడుతుంది. ఫోకస్ కుదరనంతసేపూ ఎదుటి మనిషికి రెండు ముక్కులుంటాయి. లెన్సు రింగు తిప్పితే దాని వెనక అంచు బఠాణీ గింజంత రోలర్‌ను నెడుతుంది. ఆ కదలిక లోపలికి అంది, రెండో బొమ్మ పక్కకు జరుగుతుంది. రెండు ముక్కులూ ఒకటయ్యాయా, ఫోకస్ కుదిరినట్టే. 1932లో వచ్చిన లైకా 2లోనే ఇది ఉంది. కాకపోతే ఫోకస్‌కి ఒక కన్నం, ఫ్రేము చూసుకోడానికి ఇంకో కన్నం. 1954లో ఎమ్3 ఆ రెంటినీ ఒకే కిటికీలోకి తెచ్చింది.

అయిదేళ్లకే, 1959లో, నికాన్ ఎఫ్ వచ్చింది. లెన్సు ఏం చూస్తుందో అద్దం మీదుగా అదే చూపించే ఎస్సెల్లార్ అది. దూరపు లెన్సులకీ, పువ్వుల దగ్గరికెళ్లి తీసే ఫొటోలకీ దానికి సాటి లేదు. బజారంతా అటే మళ్లింది. రేంజ్‌ఫైండర్‌ను వదలని వాళ్లు ఎక్కువగా జనం మధ్య నిలబడి ఫొటోలు తీసేవాళ్లు. అద్దం లేదు కాబట్టి చప్పుడు తక్కువ, క్లిక్‌మన్న క్షణంలో కంటికి చీకటి కమ్మదు. నికాన్ ఎఫ్ రాకముందు, 1948 జనవరి 30 రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర గాంధీ మరణవార్త చెబుతున్న నెహ్రూని ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ తీసిన ఫొటో చూసే ఉంటారు. అంత జనంలో, అంత తక్కువ వెలుతురులో ఆయన చేతిలో ఉన్నది ఈ జాతి కెమెరానే.

డిజిటల్ రోజులొచ్చాక ఇది ఎందుకు వెనకబడిందన్నది నాకు బాగా ఇష్టమైన కథ. దాని బలమే దానికి అడ్డుపడింది. ఎస్సెల్లార్‌లో అద్దం ఊగాలి కాబట్టి చోటు వదలాలి. నికాన్‌లో లెన్సు బిగించే చోటునుంచి ఫిల్ముకి 46.5 మిల్లీమీటర్లు. ఎమ్ కెమెరాకి 27.8 చాలు. అందుకే ఆ లెన్సులు అరచేతిలో ఇమిడిపోతాయి, వైడ్ లెన్సుల వెనక గాజు ఫిల్ముకి చాలా దగ్గరగా వస్తుంది. అక్కణ్నుంచి వెలుతురు ఫ్రేము మూలలకు బాగా ఏటవాలుగా తగులుతుంది. ఫిల్ము దాన్ని భరించింది, సెన్సర్ భరించలేదు. మూలలు నల్లబడతాయి, రంగు మారతాయి.

మొదటి డిజిటల్ రేంజ్‌ఫైండర్‌ను తెచ్చింది లైకా కాదు, ప్రింటర్లకు పేరున్న ఎప్సన్. 2004లో కొసీనా కంపెనీతో కలిసి ఆర్‌డీ1 తయారుచేసింది. 6 మెగాపిక్సెళ్లు, చిన్న సెన్సర్. మూలల గొడవ చాలావరకు ఫ్రేముకు బయటే ఉండిపోయింది. ప్రతి ఫొటోకీ లీవరు తిప్పాలి. ఎన్ని ఫొటోలు మిగిలాయో, బ్యాటరీ ఎంతుందో గడియారం లాంటి ముళ్లు చూపిస్తాయి. ఫిల్ము లేని కెమెరాకి లీవరెందుకని వెక్కిరించినవాళ్లున్నారు. ఆ లీవరు షట్టర్‌ను నిజంగానే బిగిస్తుంది. దాన్ని వేషం అనడం అన్యాయం.

2006లో లైకా ఎమ్8 తెచ్చింది. కోడాక్ తయారుచేసిన 10.3 మెగాపిక్సెళ్ల సెన్సర్. ఏటవాలు వెలుతురును పట్టుకోడానికి అంచుల్లోని మైక్రోలెన్సులను కొద్దిగా మధ్యకి జరిపారు. సెన్సర్ మీది గాజు మందంగా ఉంటే మూలలు చెడతాయని దాన్ని అర మిల్లీమీటరుకి తగ్గించారు. అంత పల్చటి గాజు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌ను సరిగా ఆపలేకపోయింది. దాంతో సింథటిక్ నల్ల బట్టలు ఫొటోలో వంగపండు రంగుకి తిరిగాయి. చివరికి కొన్నవాళ్లకి లెన్సు ముందు బిగించుకునే ఫిల్టర్లు రెండేసి ఉచితంగా ఇచ్చారు. 2009లో ఎమ్9తో పూర్తి ఫిల్ము సైజు సెన్సర్ వచ్చింది. 2022లో ఎమ్11 నాటికి 60 మెగాపిక్సెళ్లు.

అక్కడ ఇంకో చిక్కు మొదలైంది. రోలర్ వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే, ఫిల్ము నుంచి చిన్న ప్రింటు వేసినప్పుడు ఎవరికీ తెలిసేది కాదు. 60 మెగాపిక్సెళ్లని తెర మీద పెద్దది చేసి చూస్తే, కంటికి పెట్టిన ఫోకస్ చెవికి పోయిందని ఇట్టే తెలిసిపోతుంది. 75, 90 మిల్లీమీటర్ల లెన్సుల్లో అపర్చర్‌ను పూర్తిగా తెరిచి తీసేవాళ్లు ఎలక్ట్రానిక్ తెరకి మారడం సబబే.

నా పని వేరు. మొహర్రం పదో రోజు హైదరాబాద్ డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం అనే పీరు ఊరేగింపు బయల్దేరుతుంది. ఏనుగు మీద ఆలం, చుట్టూ నల్లబట్టల జనం. 35 లెన్సు పెట్టి, అపర్చర్ 8కి, దూరం రెండున్నర మీటర్లకి తిప్పి వదిలేస్తాను. సుమారు 1.7 మీటర్ల నుంచి అయిదు మీటర్ల దాకా చాలినంత స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ ఊసే ఉండదు. కిటికీలో తెల్లటి గీతలు ఫ్రేమును చూపిస్తాయి, గీతల బయట ఉన్నదీ కనిపిస్తుంది. గుండెమీద కొట్టుకోడానికి లేచిన చెయ్యి గీత దాటి లోపలికి వచ్చేది నాకు ముందే తెలుస్తుంది. తెరలో చూసేవాడికి ఆ చెయ్యి ఫ్రేములోకి వచ్చాకే ఉంటుంది. నాకు ఈ ఒక్క తేడా చాలు.

పెళ్లి ఫొటోలతో బతికేవాళ్లని నేను దీన్ని కొనమనను. 70 సెంటీమీటర్లకంటే దగ్గరైతే రేంజ్‌ఫైండర్ పనిచేయదు, 135 దాటిన లెన్సులకి గీతల్లేవు. ఎమ్11 వచ్చినప్పుడు ఒట్టి బాడీ ధరే 8,995 డాలర్లు. అయినా చూడాలని పట్టుబట్టిన కుర్రాళ్లకి మా మేనమామ వాడిన యాషికా ఎలక్ట్రో 35లో ఒక రీలు వేసిస్తాను. దాని పాత మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు దొరకదు, అడాప్టరు పెట్టి బటన్ సెల్సు వేస్తే నడుస్తుంది. బజారు మధ్యలో నిలబడి ఆ 36 ఫొటోలు తీశాక కూడా రెండు బొమ్మలు కలపడం మీద ఇష్టం తగ్గకపోతే, అప్పుడు డిజిటల్ సంగతి మాట్లాడుకోవచ్చు.