నీరుగంటికి కుప్ప అడుగు

పంట నూర్చి కళ్ళంలో కుప్ప పోసినంత మాత్రాన గింజలు రైతువి అయిపోయే కాలం కాదది. ఈస్టిండియా కంపెనీ పంపగా 1800లో మైసూరు రాజ్యం చూడటానికి వచ్చిన ఫ్రాన్సిస్ బుకానన్, కుప్ప దగ్గర జరిగే పంపకాన్ని సేర్లతో సహా రాసిపెట్టాడు. ఆ పుస్తకం 1807లో లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయింది. బెంగుళూరు చుట్టుపక్కల మాగాణి లెక్క ఇలా ఉంది. దేవుళ్ళకు అయిదు సేర్లు, బ్రాహ్మణులకు దానం కింద అయిదు. మంగలికి, కుమ్మరికి, చాకలికి, వడ్రంగం కమ్మరం రెండూ చేసేవాడికి తలా రెండు. కొలిచేవాడికి నాలుగు, కరణానికి పది. ఇవి తీశాక కుప్ప కొలిచి, ఖండుగకు ఇంతని కరణానికి, ఊరి పెద్దకు మరోసారి. ఇక నేలమీద అంగుళం మందాన మిగిలిన గింజలు, కళ్ళం అలికిన పేడతో కలిసిపోయినవి, నీరుగంటికి. ఇరవై ఖండుగల కుప్పలో ఈ మేరలన్నీ కలిపితే నూటికి అయిదుంపావు. దేశముఖులు తమ పదోవంతు తీసుకున్నాక, ఉన్నది రాజుకు సగం, రైతుకు సగం.

కర్ణాటకలో సాదలి, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి వైపు జీవనది లేదు. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ నడిచే ఈ సీమలో మాగాణి అంతా చెరువు మీదే ఆధారపడేది. తూము ఎత్తడం, ఎవరి మడికి ఎంత నీళ్ళో పంచడం, కట్టకు గండి పడకుండా చూడటం నీరుగంటి పని. చాలా ఊళ్ళలో అతను దళితుడు. పంటకు నీళ్ళు పెట్టినవాడికి పేడ గింజలు, కూర్చుని లెక్క రాసినవాడికి పది సేర్లు! గ్రామ స్వరాజ్యమని మురిసిపోతూ రాసేవాళ్ళు ఈ చోటుకొచ్చేసరికి పేజీ తిప్పేస్తారు.

కళ్ళంలో జరిగే ఈ పంపకాన్ని వస్తుమార్పిడి అనడం అలవాటైపోయింది. నిజానికి ఇది అప్పు ఖాతా. మంగలి ఏడాది పొడుగునా గడ్డాలు గీసి, కళ్ళం రోజున కొలిపించుకునేవాడు. కమ్మరికి కర్రు సాగదీసిన రోజున చేతికేమీ వచ్చేది కాదు, అయినా వర్షం పడి పంట పండితే తన మేర ఎక్కడికీ పోయేది కాదు. డబ్బు పుట్టకముందు మనుషులు గొర్రెకు గోధుమలు మార్చుకుంటూ బతికారన్న కథ ఆడమ్ స్మిత్ 1776 నాటి పుస్తకం నుంచి పాఠాల్లోకి పాకింది. వట్టి వస్తుమార్పిడితోనే నడిచిన సమాజం ఒక్కటి కూడా రికార్డుకెక్కలేదని మానవశాస్త్రవేత్త కరోలిన్ హంఫ్రీ 1985లో తేల్చిచెప్పింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1934లో, స్విట్జర్లాండ్ చిన్న వ్యాపారులు ‘వీర్’ అనే సొంత ఖాతా పద్ధతి పెట్టుకున్నారు. నోటు అక్కర్లేకుండా ఒకరి బాకీ ఇంకొకరి జమలో రాసుకునే ఏర్పాటు. మన కళ్ళంలో అలాంటి ఖాతా పుస్తకం కరణం చేతిలో ఉండేది.

మాగాణిలో వడ్లతో నడిచిన ఈ ఖాతా మెట్టలో రాగులతో నడవడానికి కారణముంది. రాగికి పురుగు తొందరగా పట్టదు. పాతరలో పోసి మూస్తే ఏళ్ళతరబడి నిలవ ఉంటుంది. దాచుకోవడానికి, అప్పివ్వడానికి, కూలి కొలవడానికి అంతకంటే నమ్మకమైనది మెట్ట రైతుకు దొరకదు. ఆ రాగులతోనే మనిషినీ కట్టేసుకున్నారు. పెళ్ళికో చావుకో తెచ్చిన అప్పు కింద కొడుకును జీతానికి పెడితే, ఏడాదికిన్ని రాగులు, ఒక జత బట్టలు. అసలు మాత్రం తరిగేది కాదు. వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది 1976లో.

మరుసటి ఏడు, 1977లో, బాగేపల్లిలో అడాట్స్ అనే సంస్థ మొదలైంది. దాని అండతో ఊరూరా కూలీ సంఘాలు లేచాయి. సభ్యులు ఏటా తమ రాబడి చెప్పి అందులోంచి సంఘం పన్ను కట్టాలి. ఊరికో కూలీ నిధి. ఎవరికి అప్పివ్వాలో, ఎంతివ్వాలో ఊరి సంఘమే కూర్చుని తేల్చేది. పట్టా పుస్తకం తాకట్టు అడిగేవాళ్ళు లేరు. ఆడవాళ్ళ నిధికి వక్కాకు పేరు పెట్టుకున్నారు. నడుముకు దోపుకున్న వక్కాకు సంచిలోనే కదా వాళ్ళ చిల్లర డబ్బులుండేది.

ఈ సంఘాలే తరవాత ఇంకో విచిత్రమైన నాణెం ముట్టుకున్నాయి. 2005 డిసెంబరులో బాగేపల్లి గోబర్‌గ్యాస్ పథకం, 5,500 పొయ్యిలది, ఐక్యరాజ్య సమితి దగ్గర నమోదైంది. గాలిలో కలవకుండా ఆపిన ఒక టన్ను కార్బన్ డయాక్సైడుకు ఒక క్రెడిట్. పేడకళ్ళు ఎత్తిన ఆడమనిషి చేతిలో ఆ లెక్కన ప్రపంచ బజారులో చెల్లే సరుకు ఉన్నట్టే. కానీ ఆ బజారు యూరప్‌లో ఉంది. అక్కడ గిరాకీ పడిపోయి, 2012 ముగిసేసరికి ఆ రకం క్రెడిట్ ధర ఒక యూరో లోపలికి జారింది.

తెలంగాణలో జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు వేరే దారి పట్టారు. 1983లో ఆ సంస్థను మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు పి.వి. సతీష్, మైసూరువాడు. బీడు భూములు సాగులోకి తేవడానికి ఇచ్చిన అప్పును 1990ల మధ్య నుంచి జొన్నల్లోనే తిరిగి కట్టించుకున్నారు. అలా చేరిన జొన్నలను గాదెల్లో పోసి, పనుల్లేని నెలల్లో పేద ఇళ్ళకు బజారు కంటే తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదో ఊరే కూర్చుని చెప్పేది.

విత్తనాలదీ అదే పద్ధతి. సంఘం నుంచి తెచ్చుకున్న గింజలకు పంట వచ్చాక ఒకటిన్నర నుంచి రెండింతలు కొలిచివ్వాలి. పాత తెలంగాణలో దొరల దగ్గర నాగుకు తెచ్చిన ధాన్యం మీద వడ్డీ కూడా ఇలాంటిదే. కాకపోతే ఆ గింజలు దొర గాదెలోకి పోయేవి. ఇవి బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచిపెడితే వచ్చే వానకు పక్కింటావిడ చేలోకి పోతాయి.