గద్వాల పట్టణము: దాని సామాజిక చరిత్రము

సంస్థానముల చరిత్ర మనఁగానే వంశవృక్షమును, యుద్ధములను, బిరుదావళిని వ్రాసి విరమించుట మన పండితులకుఁ బరిపాటి. పట్టణ మెట్లు పుట్టినది, అం దెవ్వరు కాపురముండిరి, ఎవరి శ్రమచే నది నిలిచినది యను ప్రశ్నలు మిగిలిపోవుచున్నవి. పూర్వపు మహబూబునగర మండలములోని గద్వాల యీ ప్రశ్నల విచారణకుఁ దగిన స్థలము.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న యీ సీమను నడిగడ్డ యందురు. ముష్టిపల్లి రెడ్డివంశమువాఁడగు సోమనాద్రి 17వ శతాబ్ది చివర, 18వ శతాబ్ది మొదట నిచట మట్టికోటను గట్టించి, పూడూరినుండి రాజధానిని మార్చెను. గద, వాలు అను నాయుధములనుండి యూరిపేరు పుట్టినదని జనశ్రుతి. కోటలో కేశవస్వామి యాలయము వెలసినది. వెలుపల పేటలు పెరిగినవి.

ఆ 17వ శతాబ్దముననే, 1630లో, ఆంగ్లేయ వలసదారులు అమెరికాలో బోస్టన్ పట్టణమును నెలకొల్పిరి. అచట 1631 మొదలు కొంతకాలము మతసంఘ సభ్యులగు పురుషులకే వోటుహక్కు ఉండెను. అది స్త్రీలకు లేదు. గద్వాల యందన్ననో, సోమనాద్రి తరువాత 18వ శతాబ్ది పూర్వార్ధముననే లింగమ్మ, మంగమ్మ, చొక్కమ్మ మున్నగు స్త్రీలు గద్దె నెక్కిరి. ఇది గమనింపఁదగినదే. అయినను రాణి యేలినంతమాత్రమున నూరి స్త్రీలందఱికి నధికారము లభించినదని తలంపరాదు. ఆ గద్దె వంశమునకుఁ జెందినది. ఆసుపోసి కండెలు చుట్టు స్త్రీకి దానిలోఁ బాలు లేదు.

కార్తిక మాఘ మాసములలో నీ సంస్థానమున విద్వత్సభలు జరిగెడివి. తిరుపతి వేంకటకవులును నిచట సన్మానము నందిరి. కవుల పద్యములవలన ప్రభువుల పేళ్లు నిలిచినవి. నేఁతగాండ్ర పేళ్లను నిలుపుటకు సభ లేదు. అయినను నేఁడు దూరదేశముల వారికి గద్వాల యన స్ఫురించునది చీరయే. దాని నడిమిభాగము నూలు. అంచును కొంగును పట్టు. రెంటి పేకలను కలుపు నేర్పును కుప్పడ మందురు. మూఁడు నాడెలతో నేయు నీపనిలో నొకఁడు మగ్గముపైఁ గూర్చుండఁగా మఱియొకరు తోడుండవలెను. చీర యొకటి సిద్ధమగుటకు ఇంటిల్లిపాది శ్రమింపవలసినదే.

సంస్థానమును తుదకు పాలించినది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఆమె పాలనము 1924 మొదలు 1949 వఱకు నడచెను. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు గద్వాల రాయచూరు మండలమునుండి మహబూబునగరమునకుఁ జేరినది. 2016లో జోగులాంబ గద్వాల జిల్లాకుఁ గేంద్రమైనది. కోటలో నామె పేరిట కళాశాల వెలసినది. 2010లో గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది.

రాజ్యము పోయినను మగ్గము నిలిచినది. కావున నీ పట్టణచరిత్రము వ్రాయఁబూనువారు సనదులను, పద్యములను మాత్రమే గాక, నేఁతవారి యిండ్లలోని లెక్కల పుస్తకములను, సోమనాద్రి కథను పాడు జానపదుల నోటి మాటలను గూడ సేకరింపవలెను. వృద్ధులు గతించినకొలఁది నీ సాధనములు తఱిఁగిపోవుచున్నవి. వానిని భద్రపఱచుటకు విజ్ఞులు పూనుకొందురు గాక!