గ్రెచ్చో సజీవ పశువులపాక

గ్రెచ్చో సజీవ పశువులపాక ఇటలీలోని గ్రెచ్చో గ్రామస్థులు క్రిస్మస్ రోజులలో ప్రదర్శించే దృశ్యరూపకం. అస్సిసికి చెందిన పునీత ఫ్రాన్సిస్ 1223లో ఇక్కడ జరిపిన క్రిస్మస్ వేడుకకు ఇది పునఃప్రదర్శన. చర్చిలలోను, ఇళ్ళలోను పశువులపాకను అమర్చే ఆచారానికి ఆ వేడుకే నాంది అని సాధారణంగా చెబుతారు.

గ్రామం

గ్రెచ్చో లాజియో ప్రాంతంలో, రియెతి జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున కొండవాలుపై ఉన్నది. మధ్యయుగపు కోట అవశేషాలు, ఇరుకైన రాతి వీధులు నేటికీ కనిపిస్తాయి. వేడుక జరిగిన గుహ మాత్రం ఊరిలో లేదు. అది అక్కడికి సుమారు 2 కిలోమీటర్ల దూరంలో, కొండచరియను అంటుకొని కట్టిన ఫ్రాన్సిస్కన్ మఠంలో ఉన్నది.

1223 నాటి వేడుక

1223 నవంబరు 29న పోపు మూడవ హోనోరియస్ ఫ్రాన్సిస్ సన్యాసుల నియమావళిని ఆమోదించాడు. ఆ తరువాత కొద్ది వారాలకే క్రిస్మస్ వచ్చింది. పండుగకు సుమారు 15 రోజుల ముందు ఫ్రాన్సిస్ గ్రెచ్చో ప్రభువైన జొవాన్నిని పిలిపించి, బెత్లెహేములో శిశువు అనుభవించిన పేదరికాన్ని కళ్ళారా చూడాలని ఉన్నదని, అందుకు తగిన ఏర్పాట్లు చేయమని కోరాడు. ఆ రాత్రి చుట్టుపక్కల జనం కొవ్వొత్తులు, కాగడాలు పట్టుకొని వచ్చారు. ఎండుగడ్డి నింపిన తొట్టి, ఒక ఎద్దు, ఒక గాడిద సిద్ధంగా ఉన్నాయి. తొట్టి వద్దనే దివ్యబలిపూజ జరిగింది. ఫ్రాన్సిస్ గురువు కాడు, డీకన్ మాత్రమే. అందువలన ఆయన పూజ చేయలేదు; సువార్తను గానం చేసి ప్రసంగించాడు.

ఈ వివరాలకు ప్రధాన ఆధారం చెలానోకు చెందిన తోమాసో 1228–29 ప్రాంతంలో రచించిన ఫ్రాన్సిస్ జీవితచరిత్ర. అందులో మరియమ్మ, యోసేపు, గొల్లల వేషాలు ధరించినవారి ప్రస్తావన లేదు. తొట్టిలో బొమ్మ కూడా లేదు. అందులో ఒక శిశువు నిర్జీవంగా పడి ఉన్నట్లు, ఫ్రాన్సిస్ దగ్గరకు వెళ్ళి నిద్రలేపినట్లు అక్కడున్న ఒక భక్తునికి దర్శనం కలిగిందని తోమాసో వ్రాశాడు. సుమారు మూడు దశాబ్దాల తరువాత మరో జీవితచరిత్ర వ్రాసిన పునీత బొనవెంతూరా, ఆ భక్తుడు జొవాన్నియేనని, వేడుకకు ఫ్రాన్సిస్ ముందుగా పోపు అనుమతి పొందాడని చేర్చాడు.

దీనిని "మొట్టమొదటి" క్రీస్తు జనన దృశ్యం అనడం పూర్తిగా సరికాదు. అంతకు ముందే, 11వ శతాబ్దం నాటికే, ఐరోపా చర్చిలలో గొల్లల రాకను తెలిపే ఆరాధనా నాటికలు ఉండేవి. నిజమైన పశువులతో, గడ్డితో, చర్చి గోడలకు వెలుపల, పల్లె ప్రజల మధ్య జరగడమే గ్రెచ్చో వేడుకలోని కొత్తదనం. ఎద్దు, గాడిద సువార్తలలోని జనన వృత్తాంతాలలో కనిపించవు. యెషయా గ్రంథంలోని ఒక వాక్యం ఆధారంగా అవి సంప్రదాయంలో చేరాయి.

ప్రదర్శన

ప్రస్తుత ప్రదర్శన 1970లలో మొదలైంది. మధ్యయుగపు దుస్తులు ధరించిన గ్రామస్థులు ఫ్రాన్సిస్, జొవాన్ని, నాటి గ్రామప్రజల పాత్రలు పోషిస్తారు. ఇతర ఊళ్ళ సజీవ పశువులపాకలలో ఊరివారు బెత్లెహేము వాసులుగా మారిపోతారు. గ్రెచ్చోలో మాత్రం వారు తమ ఊరి పూర్వీకులుగానే కనిపిస్తారు. క్రీస్తు జననం కథలో అంతర్భాగంగా వస్తుంది. డిసెంబరు 24 మొదలుకొని జనవరి 6న వచ్చే ముగ్గురు జ్ఞానుల పండుగ వరకు ఎంపిక చేసిన రోజులలో ప్రదర్శనలు జరుగుతాయి.

తరువాతి ప్రభావం

అస్సిసి పై బసిలికాలో, సాధారణంగా జొత్తోకు ఆపాదించే కుడ్యచిత్రాలలో ఒకటి గ్రెచ్చో వేడుకను చూపుతుంది. కానీ చిత్రకారుడు దానిని కొండగుహలో కాక, ఒక చర్చి లోపల జరిగినట్లు చిత్రించాడు. గ్రెచ్చో మఠంలోని గుహ గోడపై బెత్లెహేము, గ్రెచ్చో దృశ్యాలు పక్కపక్కనే ఉన్నాయి. ఈ రెండు ఊళ్ళు నేడు సోదర పట్టణాలు. తెలుగునాట కథోలిక దేవాలయాలలో గడ్డి కప్పిన పాక క్రింద బొమ్మలను అమర్చే అలవాటు కూడా ఈ సంప్రదాయానికి చెందినదే.

2019 డిసెంబరు 1న పోపు ఫ్రాన్సిస్ గ్రెచ్చోకు వచ్చి, పశువులపాక ప్రాముఖ్యాన్ని వివరించే లేఖపై ఇక్కడే సంతకం చేశాడు. 2023లో వేడుక ఎనిమిది వందల సంవత్సరాల ఉత్సవం జరిగింది.