బందరు తీరము

'బందరు' అను పారసీక పదమునకు రేవు అని అర్థము. పేరులోనే రేవు ఉన్నను, మచిలీబందరునకు ప్రకృతి లోతైన రేవును ప్రసాదింపలేదు. కృష్ణానది తెచ్చి పోసిన ఒండ్రుమట్టిచేత ఇచ్చటి సముద్రము చాల దూరము వరకు లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డునకు దూరముగానే లంగరు దింపెడివి. సరకులు పడవలమీద చేరెడివి. అట్టి తీరమును వెదకికొని దేశదేశముల వర్తకులు ఏల వచ్చిరి?

దీని సమాధానము తీరము వెనుకనున్న మగ్గములయందు కలదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి గ్రీకు గ్రంథమొకటి ఈ సీమను 'మసాలియా' అని పేర్కొని, ఇచ్చటి సన్నని వస్త్రములను ప్రస్తావించినది. గోలకొండ సుల్తానుల కాలమున కలంకారీ వస్త్రములు ఇచ్చటినుండి పారసీకమునకు పోయెడివి. తీరపు ఇసుకనేలలలో పెరుగు చిరివేరు వానికి ఎఱుపు నిచ్చెడిది. డచ్చివారు 1606లోను, ఆంగ్లేయులు 1611లోను ఇచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి కోటను పట్టుకొనెను. పిదప మద్రాసు ప్రాముఖ్యము పెరిగినది. సీమనుండి మిల్లుబట్టలు వెల్లువగా వచ్చినవి. బందరు వర్తకము సన్నగిల్లెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి.

నేడు బందరునకు పోవు యాత్రికుడు కోట ప్రాంతమున డచ్చివారి సమాధులను చూడవచ్చును. చేరువనున్న పెడనలో చెక్క అచ్చులతో వస్త్రములపై అద్దకము వేయుట నేటికిని సాగుచున్నది. మంగినపూడి తీరమున కాలిక్రింద తగులునది తెల్లని ఇసుక కాదు, నల్లని ఒండ్రునేల. నాడు ఓడలను దూరముగా నిలిపినది ఈ నేలయే. తుపానువేళ గాలి నెట్టుకొనివచ్చు నీరు, లోతు తక్కువైన ఇట్టి తీరమును చేరునప్పుడే మరింత ఎత్తునకు లేచును.

దక్షిణముగా పోయినచో హంసలదీవికడ కృష్ణవేణి సాగరమున కలియును. నదీముఖములయందు మడ అడవులు దట్టముగా పెరిగి, బావురుపిల్లికిని నీటిపక్షులకును ఆశ్రయమిచ్చుచున్నవి. మడచెట్ల వేళ్ళు ఒండ్రును పట్టి నిలుపును. కెరటముల వేగమును తగ్గించును. 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ ఉప్పెనను ఎఱిగినవారికి ఈ చెట్ల విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

బందరున నూతన నౌకాశ్రయ నిర్మాణము 2023లో ఆరంభమైనది. ఓడలకొఱకు సముద్రమును లోతు చేయవచ్చును. కాని తీరమునకు కాపుగా నిలిచిన మడ అడవిని నఱికినచో, రేవునకు వచ్చు సంపదతోపాటు ఉప్పెనకును త్రోవ చూపినవారము కాగలము.