స్లిక్‌రాక్ రాస్తా ఎవరిది?

అమెరికా యూటా రాష్ట్రంలోని మోయాబ్ పక్కన స్లిక్‌రాక్ అనే సైకిల్ రాస్తా దునియా అంతటా మషూర్. సుమారు 10.5 మైళ్లు. మట్టి దారి కాదు, బోడి ఇసుకరాయి. రాయి మీద వేసిన తెల్ల గీతలే దారి చూపుతాయి. నాడాలు కొట్టిన గుర్రాలు ఈ రాతి మీద జారేవి, అందుకే ఆ పేరు. రబ్బరు టైరు మాత్రం గట్టిగా పట్టుకుంటుంది.

నిటారు ఎక్కుళ్లలో దమ్ము పోతున్న వేళ వెనక ఇంజన్ చప్పుడైతే, "వీళ్లకిక్కడ ఏం పని?" అని సైకిల్ వాళ్లు గొణగడం నేను విన్నాను. తారీఖ్ వేరే మాట చెబుతుంది. 1969లో ఈ రాస్తా వేసింది మోటార్‌సైకిల్ షౌకీన్ల కోసమే. అప్పటికి మౌంటెన్ బైక్ బజారులోకే రాలేదు. 1980లలో యురేనియం పని పడిపోయి మోయాబ్ రోజీకి ఇబ్బంది పడుతున్నప్పుడు సైకిళ్లు వచ్చాయి. ఊరికి కమాయి, రాస్తాకు షోహ్రత్ తెచ్చాయి. షోహ్రత్ తెచ్చినంత మాత్రాన మిల్కియత్ రాదు కదా!

మోటార్‌సైకిళ్లకు అక్కడ నేటికీ ఇజాజత్ ఉంది. చప్పుడు వినగానే నేను ఆగి, పక్కకు జరిగి దారి ఇస్తాను. అది నా మెహర్బానీ కాదు, వాళ్ల హక్. తర్వాత వచ్చి సంఖ్యలో పెరిగినవాళ్లు ముందున్నవాళ్లను పరాయివాళ్లనడం మనకు కొత్తేం కాదు. అందుకే ఏ రాస్తా ఎవరి మెహనత్‌తో మొదలైందో మన పిల్లలకు చెబుతుండాలి.