బోర్ మారిస్తే తారీఖ్ పోతుంది

తాతల నాటి షికారీ రైఫిల్ ఇంట్లో ఉంది. దాని కార్తూస్ బజార్‌లో దొరకడం లేదు. నాల్ మార్పించి, దొరికే కార్తూస్‌కి సరిపోయేలా చేయిద్దామా? పులి వేటకి పేరుపడ్డ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జమానా చూసిన దక్కన్ ఖాందాన్లలో ఈ సవాల్ రావడం సహజం. జవాబుకి ముందు, హిందుస్తాన్‌లో ఈ కార్తూస్‌లు ఎందుకు మారాయో చూద్దాం జనాబ్.

1898లో లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చింది. పొగ లేని మందు, 31 గ్రాముల గుండు, సెకనుకి సుమారు 2,150 అడుగుల వేగం. షికారీలకి తెగ పసంద్ అయింది.

1907లో అంగ్రేజీ హుకూమత్ హిందుస్తాన్‌లో, సూడాన్‌లో .450 బోర్‌ని మనా చేసింది. ఇందులో పులి ప్రసక్తి లేదు. 1871లో ఫౌజ్‌లోకి వచ్చిన మార్టినీ-హెన్రీ తుపాకీ బోర్ కూడా .450. అలాంటి పాత తుపాకులు బాగీల చేతుల్లో ఉన్నాయి. షికారీ కార్తూస్ నేరుగా వాటిలో పట్టదు. కానీ గుండు ఊడదీసి వాడుకోవచ్చు కదా! హుకూమత్ ఖౌఫ్ అదే.

తుపాకుల కంపెనీలు ఊరుకోలేదు. హాలండ్ అండ్ హాలండ్ .465, జోసెఫ్ లాంగ్ .470, వెస్ట్లీ రిచర్డ్స్ .476 మైదాన్‌లోకి వచ్చాయి. తాకత్ దాదాపు అంతే. పులికి ఫరక్ తెలియలేదు, సర్కారీ కాగితాలకే తెలిసింది!

ఫౌజీ .303 కథా ఇంతే. అది ఆమ్ జనానికి దక్కకూడదు కనుక, ఆస్ట్రియా మాన్లిషర్ కార్తూస్ .315 పేరుతో ఇక్కడ పాతుకుపోయింది. ఆజాదీ తర్వాత ఇషాపూర్ కార్ఖానాలో .315 రైఫిళ్లు తయారయ్యాయి.

ఇప్పుడు అసలు సవాల్. నాల్‌ని తొలిచి పెద్దది చేయొచ్చు, తీసేసిన లోహా మళ్లీ రాదు. పేర్లలోని అంకెల్ని నమ్మి లెక్క వేయలేం. .470 గుండు అసలు వెడల్పు .475 అంగుళాలు. రెండు నాళ్ల రైఫిల్ అయితే మరీ నాజూకు. రెండు గుళ్లూ ఒకే చోట తగిలేలా ఉస్తాద్ ఒక్క కార్తూస్‌కే నాళ్లని కుదురుస్తాడు. కార్తూస్ మారితే ఆ గురి చెదురుతుంది. నాల్ మీది లండన్, బర్మింగ్‌హామ్ పరీక్ష ముద్రలు కూడా పాత కార్తూస్‌కే గవాహీ ఇస్తాయి, కొత్తదానికి కాదు.

పేలని తుపాకీ ఎందుకని కొందరి దలీల్. నాల్ పూర్తిగా తుప్పుపట్టి పోయిన మామూలు రైఫిల్ విషయంలో ఆ మాట కొంత సహీ. కానీ 1972 వన్యప్రాణి చట్టంతో షికార్ జమానా ఖతం అయింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మార్పు పని లైసెన్స్ లేకుండా చేస్తే జుర్మ్. వేటే లేనప్పుడు ఇంత తకలీఫ్ ఎవరి కోసం?

తారీఖ్ అంటే తేదీ. ఉర్దూలో చరిత్ర కూడా తారీఖే. నాల్ మీది .450 అనే అంకెలో ఆ రెండూ ఉన్నాయి. గుప్పెడు గుళ్లకి ఒక సామ్రాజ్యం ఎంత జడుసుకుందో చెప్పే సబూత్ అది. లైసెన్స్ సరిగ్గా ఉంచుకుని, నూనె రాసి, విరాసత్‌ని ఉన్నది ఉన్నట్టే పిల్లలకి అప్పజెప్పండి. ఆ అంకె కథ కూడా చెప్పండి.